సూది లేని షుగర్‌ పరీక్ష.. నమ్మొచ్చా?

‘వేలికి సూది గుచ్చక్కర్లేదు. రక్తం చుక్క తీయక్కర్లేదు. చేతికి పెట్టుకుంటే చాలు.. షుగర్‌ ఎంతుందో వాచీయే చెప్పేస్తుంది!’ ఫోన్‌లో ఇలాంటి ప్రకటన మీ కంట కూడా పడే ఉంటుంది. కొందరు ఇప్పటికే కొనుక్కొని ఉంటారు. అమ్మకు రోజూ సూది బాధ తప్పించాలని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురో, అమెరికాలో ఉండే కొడుకో పంపించి ఉంటారు. మా ఓపీకి వచ్చేవారి చేతులకూ ఇవి కనిపిస్తున్నాయి. ‘డాక్టర్‌ గారూ, దీంట్లో పొద్దున 118 చూపించింది. మాత్ర తగ్గించుకోవచ్చా?’ అని అడుగుతున్నారు.

సమాధానం సూటిగానే చెప్పుకొందాం. తగ్గించుకోవద్దు. చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా రక్తంలో గ్లూకోజును కొలిచేదీ, ఆ అంకెను నమ్మి మందు మోతాదు మార్చుకోదగ్గదీ అయిన వాచీ గానీ ఉంగరం గానీ ఇంకా రాలేదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ఈ విషయం మీదే ప్రజలను హెచ్చరించింది. ఏ కంపెనీ తయారుచేసినా, ఎక్కడ అమ్మినా ఇలాంటి వాచీకి, ఉంగరానికి తాము అనుమతి ఇవ్వలేదని తేల్చి చెప్పింది. అంటే అమెరికా నుంచి వచ్చింది కదా అని నమ్మటానికీ లేదు.

మరి ఇంత సాంకేతిక పరిజ్ఞానం ఉండి కూడా షుగర్‌ను బయటి నుంచి ఎందుకు కొలవలేకపోతున్నాం? ఇది తెలిస్తే ప్రకటనల్లో ఏది నిజమో, ఏది కాదో మీకే అర్థమవుతుంది.

సూది లేని పరీక్ష మనకు కొత్తేం కాదు

నిజానికి మొదట్లో అన్నీ సూది లేని పరీక్షలే. మూత్రం తియ్యగా ఉంటోందని, దానికి చీమలు పడుతున్నాయని గమనించే మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బును మధుమేహం అన్నారు. పెద్దవయసు వారికి ఇంకోటి గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో నీలిరంగు బెనెడిక్ట్‌ ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి కాచేవారు. రంగు ఆకుపచ్చ నుంచి పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగుకు మారేకొద్దీ షుగర్‌ ఎక్కువున్నట్టు. నొప్పి లేదు, ఖర్చూ లేదు.

అయినా ఆ పరీక్షను ఎందుకు వదిలేశాం? రక్తంలో గ్లూకోజు సుమారు 180 మి.గ్రా. దాటితే గానీ చాలామందికి మూత్రంలోకి రాదు. పైగా మూత్రాశయంలో ఉన్నది గంటల క్రితం నాటి మూత్రం. అన్నిటికన్నా ముఖ్యంగా షుగర్‌ పడిపోతే ఈ పరీక్షలో అస్సలు తెలియదు. అందుకే రక్తపరీక్షల వైపు మళ్లాం. 1970లో వచ్చిన తొలి గ్లూకోజు మీటరు కిలోకు పైగా బరువుండేది, దాన్ని ఎక్కువగా వైద్యులే వాడేవారు. ఇప్పుడది జేబులో పడుతోంది. సూది తప్పించుకోవటం కన్నా అంకె నిజం కావటం ముఖ్యమని ఆనాడే తేలిపోయింది.

తర్వాత సూది లేకుండా చేసే ప్రయత్నాలు ఆగలేదు. 2001లో అమెరికాలో గ్లూకోవాచ్‌ అనే పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇది చర్మం మీద చాలా తక్కువ మోతాదులో విద్యుత్తును ప్రసరింపజేసి, లోపలి ద్రవం నుంచి గ్లూకోజును పైకి లాగి కొలిచేది. కానీ రోజూ ముందు వేలికి సూది గుచ్చి చూసిన అంకెతో దాన్ని సరిచేయాల్సి వచ్చేది. చాలామందికి చేతి మీద ఎర్రటి మచ్చలు, మంట వచ్చేవి. చెమట పడితే అంకె చూపటం మానేసేది. షుగర్‌ పడిపోయినప్పుడు కనిపించే ప్రధాన లక్షణమే చెమట! చివరికి ఆ వాచీ బజారులోంచి తప్పుకొంది. 2014లో గూగుల్‌ సంస్థ కన్నీటిలోని గ్లూకోజును కొలిచే కాంటాక్ట్‌ లెన్సును తయారుచేస్తున్నామని ప్రకటించింది. కన్నీటిలోని గ్లూకోజుకూ రక్తంలోని గ్లూకోజుకూ నమ్మదగ్గ పొంతన కుదరటం లేదంటూ 2018లో ఆ ప్రయత్నాన్ని ఆపేసింది.

ఆక్సిజన్‌ను చూడగలిగింది, షుగర్‌ను చూడలేదా?

‘కొవిడ్‌ సమయంలో వేలికి ఆక్సిమీటర్‌ పెట్టుకుంటే ఆక్సిజన్‌ తెలిసింది కదా. షుగర్‌ ఎందుకు తెలియదు?’ చాలామందికి వచ్చే సందేహమే ఇది. మంచి ప్రశ్న కూడా.

ఆక్సిమీటర్‌ చూసేది ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను. హిమోగ్లోబిన్‌కు రంగుంది. ఆక్సిజన్‌ ఉంటే ఒక ఎరుపు, లేకపోతే ఇంకో ఎరుపు. పైగా అది రక్తంలో బోలెడంత ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో డెసిలీటరు రక్తానికి సుమారు 14 గ్రాములు, అంటే 14,000 మిల్లీగ్రాములు. మరి గ్లూకోజు? దాదాపు 100 మిల్లీగ్రాములే. హిమోగ్లోబిన్‌తో పోల్చితే 140 వంతుల్లో ఒక వంతు. దానికి రంగు కూడా లేదు.

ఇంకోలా చూద్దాం. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్‌ 100 ఉందంటే మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు 5 గ్రాములు. అంటే ఒక చిన్న చెంచాడు! అది 60కి పడిపోయిందంటే తగ్గింది 2 గ్రాములు. ఆ 2 గ్రాముల తేడాయే మనిషికి చెమటలు పట్టిస్తుంది, తికమక పెడుతుంది. చర్మం పైనుంచి వేసిన కాంతి ఇంత స్వల్పమైన తేడాను పసిగట్టాలి. అదీ నీరు, కొవ్వు, ప్రొటీన్ల మధ్య.

పరారుణ కాంతిని గ్లూకోజు కొంతవరకు పీల్చుకుంటుంది. కానీ అదే కాంతిని నీరు, కొవ్వు, ప్రొటీన్లు కూడా పీల్చుకుంటాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా. కాబట్టి జాతరలో లౌడ్‌స్పీకర్ల పక్కన నిలబడి ఒకరి గుసగుస వినటం లాంటి పని ఇది. చర్మం వేడెక్కినా, చల్లబడినా, చెమట పట్టినా, వాచీ పట్టీ కాస్త బిగిసినా, వదులైనా లోపలి సంకేతం మారిపోతుంది. గ్లూకోజు మారటం వల్ల వచ్చే తేడా కన్నా ఈ తేడాలే పెద్దవి.

దారులెన్నో వెతుకుతున్నారు

అలాగని పరిశోధనలు వృథా అనుకోవద్దు. ఎన్నో పద్ధతులను నిజాయతీగా పరీక్షిస్తున్నారు. వీటిల్లో మన సి.వి.రామన్‌ 1928లో కనుగొన్న రామన్‌ ప్రభావం ఒకటి. అణువును తాకి చెదిరే కాంతిలో అతి కొద్ది భాగం తన తరంగదైర్ఘ్యాన్ని మార్చుకుంటుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కోలా ఉంటుంది. గ్లూకోజు ‘వేలిముద్ర’ దొరుకుతుందన్న మాట. చిక్కేంటంటే అలా మారే కాంతి చాలా తక్కువ. కోటి కాంతి కణాల్లో సుమారు ఒకటి. దాన్ని పట్టుకోవటానికి లేజర్లు, సున్నితమైన పరికరాలు కావాలి. వాటిని వాచీలో ఇమడ్చటం తేలిక కాదు.

ఫొటోఅకౌస్టిక్‌ అనేది ఇంకో పద్ధతి. లేజర్‌ కాంతి తగిలిన కణజాలం క్షణంలో అతి స్వల్పంగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ కదలికకు పుట్టే శబ్ద తరంగాలను పసిగట్టి గ్లూకోజును లెక్కిస్తారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఈ దిశగా పరిశోధన సాగుతోంది. రేడియో తరంగాలతో ప్రయత్నిస్తున్నవారు మరికొందరు.

చెమట, లాలాజలం, కన్నీరు, ఊపిరి.. వీటి మీదా అధ్యయనాలున్నాయి. కానీ చెమటలో, లాలాజలంలో గ్లూకోజు రక్తంలో కన్నా ఎంతో తక్కువ. రక్తంలో పెరిగిన వెంటనే అక్కడ పెరగదు. కాఫీ తాగి లాలాజలం పరీక్షిస్తే కాఫీలోని పంచదారే కనిపించొచ్చు. ఊపిరిలో చూసేదేమో అసిటోన్‌ను. అది ఒంట్లో కొవ్వు కరుగుతున్న తీరును చెబుతుంది గానీ గ్లూకోజు ఎంతుందో నేరుగా చెప్పదు.

ప్రయోగశాలలో కుర్చీలో కదలకుండా కూర్చున్న కొద్దిమందిలో పనిచేయటం ఒకెత్తు. ఎండలో నడిచే రైతుకు, వంటింట్లో చెమటలు కక్కే గృహిణికి, చలికి చేతులు బిగుసుకుపోయే వృద్ధులకు పనిచేయటం ఇంకో ఎత్తు. ఎన్నో పరికరాలు ఈ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి.

మరి వాచీలో కనిపించే అంకె ఏంటి?

వాచీ వెనకాల వెలిగే ఆకుపచ్చ దీపం నాడి కొట్టుకోవటాన్ని గుర్తించటానికి ఉపయోగపడుతుంది. గుండె వేగానికి అది మంచిదే. షుగర్‌ చూపిస్తామనే చవక వాచీలు చాలావరకు ఇలాంటి సంకేతాలనే తీసుకొని, మీరు నమోదు చేసిన వయసు, బరువు వంటివి జోడించి ఒక అంచనా వేస్తాయి. అది కొలత కాదు, ఊహ.

‘మేం గ్లూకోమీటర్‌తో పోల్చి చూశాం. దాదాపు సరిపోయింది’ అని కొందరంటారు. ఇక్కడో చిన్న లెక్క చూడండి. ఎప్పుడు చూసినా 110 మాత్రమే చూపించే ఒక బొమ్మ వాచీ ఉందనుకోండి. ఇంట్లో షుగర్‌ జబ్బు లేని నలుగురికి దాన్ని పెట్టి గ్లూకోమీటర్‌తో పోల్చండి. వాళ్ల షుగర్‌ ఎక్కువ సమయం 80-130 మధ్యే ఉంటుంది కాబట్టి బొమ్మ వాచీ కూడా ‘సుమారుగా కరెక్టే’ అనిపిస్తుంది. అసలు పరీక్ష ఎక్కడంటే- షుగర్‌ 55 ఉన్నప్పుడు, 320 ఉన్నప్పుడు అది ఏం చూపిస్తుందన్న దగ్గర. మనకు పరికరం అవసరమయ్యేదే అప్పుడు కదా.

గ్లూకోమీటర్లకు దీని మీద కచ్చితమైన ప్రమాణం ఉంది. ఐఎస్‌ఓ నిబంధన ప్రకారం వంద పరీక్షల్లో కనీసం 95, ప్రయోగశాల ఫలితానికి దగ్గరగా ఉండాలి. షుగర్‌ 100 లోపుంటే 15 మి.గ్రా. తేడాలోపు, 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 15 శాతం లోపు. కాబట్టి గ్లూకోమీటర్‌లో ఇప్పుడు 142, మరుక్షణం 150 వచ్చినా కంగారు పడనక్కర్లేదు. తేడా ఉంటుంది, అయితే దానికొక హద్దుంది. వాచీ ఊహకు అలాంటి హద్దేదీ లేదు.

ముప్పు ఎలా వస్తుంది?

మేం చూసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి సంగతి చెబుతాను. రెండు పూటలా ఇన్సులిన్‌ తీసుకుంటారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి చెమటలు, చేతుల్లో వణుకు. వాచీ చూసుకుంటే 124. ‘షుగర్‌ బాగానే ఉంది, గ్యాసేమో’ అనుకొని మజ్జిగ తాగి పడుకున్నారు. కాసేపటికి భార్య లేపితే సరిగా పలకలేదు. ఆసుపత్రికి తెచ్చాక గ్లూకోమీటర్‌తో చూస్తే 38. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచి, ‘ఇక్కడికెందుకు తెచ్చారు?’ అని అడిగారు. ఒంటరిగా ఉండే మనిషైతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది ఒక రకం ప్రమాదం. రెండోది దీనికి వ్యతిరేకం. నిజంగా 130 ఉంటే వాచీ 260 చూపిస్తుంది. భయపడి రెండు యూనిట్లు ఎక్కువ ఇన్సులిన్‌ తీసుకుంటారు. దాంతో షుగర్‌ పడిపోతుంది. మూడోది నెమ్మదిగా వచ్చేది. షుగర్‌ రోజూ 250 ఉంటున్నా వాచీ 120 అని ఊరడిస్తుంటుంది. మాత్రలు సగం చేస్తారు, పరీక్షలు మానేస్తారు. ఏడాది, రెండేళ్లు ఏమీ తెలియదు. ఆ తర్వాత కంటిచూపు మసక, కాళ్లకు మొద్దుబారటం, మూత్రంలో ప్రొటీన్‌ పోవటం బయటపడతాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్‌-ఇండియాబ్‌ అధ్యయనం అంచనా ప్రకారం మనదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహముంది. ఇంతమంది చేతికి తప్పుడు అంకెలు చూపే పరికరాలు వెళ్తే నష్టం ఎంతుంటుందో ఊహించొచ్చు.

సీజీఎం వేరు, ఈ వాచీ వేరు

ఇక్కడ చాలామంది తికమక పడుతుంటారు. ‘మా ఆఫీసులో ఒకాయన వాచీలోనే షుగర్‌ చూసుకుంటారే’ అంటారు. ఆయన చొక్కా చేతి కింద, భుజానికి ఒక రూపాయి బిళ్ల లాంటిది అతికించి ఉంటుంది. అదే సీజీఎం, అంటే షుగర్‌ను నిరంతరం కనిపెట్టే సెన్సర్‌. దాని కింద వెంట్రుకలాంటి సన్నటి తీగ చర్మం లోపల ఉంటుంది. కణాల మధ్యనుండే ద్రవంలోని గ్లూకోజును ఎంజైము సాయంతో కొలిచి ఫోన్‌కు పంపిస్తుంది. వాచీ ఆ అంకెను చూపిస్తుందంతే. కొలిచేది వాచీ కాదు. కాబట్టి ఇది పూర్తిగా ‘సూది లేనిది’ కాదు గానీ, రెండు వారాలకోసారి అతికించుకుంటే రోజూ వేలిని గుచ్చే బాధ చాలావరకు తప్పుతుంది.

ఫ్రీస్టైల్‌ లిబ్రే వంటివి మన దగ్గరా దొరుకుతున్నాయి. ఇన్సులిన్‌ రోజుకు మూడు, నాలుగు సార్లు తీసుకునేవారికి, టైప్‌1 మధుమేహంతో బాధపడే పిల్లలకు, తరచూ షుగర్‌ పడిపోయేవారికి, గర్భిణులకు ఇవి బాగా ఉపయోగపడతాయి. దూరంగా ఉండే పిల్లలు తమ ఫోన్‌లోనే అమ్మానాన్నల షుగర్‌ను చూసుకునే వీలుంది. ఖర్చు మాత్రం ఎక్కువే. నెలంతా వాడలేనివారు డాక్టర్‌ సలహాతో ఏ మందులు మార్చినప్పుడో ఒక్క సెన్సర్‌ పెట్టుకున్నా ఎంతో సమాచారం దొరుకుతుంది.

వీటికీ కొన్ని పరిమితులున్నాయి. రక్తంలో వచ్చిన మార్పు కణాల మధ్య ద్రవంలో కనిపించటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సెన్సర్‌ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే షుగర్‌ పడిపోయినట్టు తప్పుగా చూపించొచ్చు. విటమిన్‌ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సర్లలో అంకె పెరుగుతుంది. అందుకే ఒంట్లో లక్షణాలు ఒకటి, సెన్సర్‌ అంకె మరొకటి చెబుతుంటే వెంటనే గ్లూకోమీటర్‌తో సరిచూసుకోవాలి.

సూది నొప్పిని ఇలా తగ్గించుకోండి

వాచీల మీద ఆశ పెరగటానికి అసలు కారణం వేలి నొప్పి. దాన్ని కాదనలేం. కానీ చాలామందికి గుచ్చుకునే పద్ధతి ఎవరూ నేర్పి ఉండరు. అది సరిచేసుకుంటే నొప్పి సగం తగ్గుతుంది.

* వేలి కొన మధ్యలో గుచ్చొద్దు. స్పర్శ ఎక్కువుండేది అక్కడే. పక్కవైపున గుచ్చుకోవాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు మంచివి. రోజూ ఒకే వేలు కాకుండా మార్చుకుంటుండాలి.

* గుచ్చే పెన్నులో లోతును మార్చుకునే అంకెలుంటాయి. తక్కువ అంకెతో మొదలెట్టి, చుక్క రాకపోతేనే పెంచుకోవాలి.

* గోరువెచ్చటి నీటితో సబ్బు రాసి చేతులు కడుక్కొని, పూర్తిగా తుడుచుకోవాలి. రక్తం తేలికగా వస్తుంది. మామిడిపండు తిన్న చేత్తో పరీక్షిస్తే పండులోని చక్కెరే మీటరులో కనిపిస్తుంది! స్పిరిట్‌ వాడితే ఆరే వరకు ఆగాలి.

* వేలిని గట్టిగా పిండొద్దు. చేతిని కాసేపు కిందికి వేలాడదీస్తే చాలు.

* లాన్సెట్‌ సూదిని ప్రతిసారీ మార్చాలి. మొద్దుబారిన సూది ఎక్కువ నొప్పి పెడుతుంది. ఒకరు వాడింది మరొకరు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. భార్యాభర్తలైనా సరే.

* స్ట్రిప్‌ల డబ్బా మూత బిగించి ఉంచాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర, కారులో, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గడువు తేదీ చూసుకోవాలి.

తీవ్ర రక్తహీనత గలవారిలో గ్లూకోమీటర్‌ అసలు కన్నా ఎక్కువ చూపించొచ్చు. అలాంటివారు ప్రయోగశాలలో చేసిన పరీక్షతో పోల్చి చూసుకోవటం మంచిది.

అందరూ రోజూ గుచ్చుకోవాలా?

అక్కర్లేదు. ఇది చాలామందికి ఊరటనిచ్చే మాట. మెట్‌ఫార్మిన్‌ మాత్రం వేసుకుంటూ, షుగర్‌ నిలకడగా ఉన్నవారికి తరచూ పరీక్షలు అవసరం లేదు. అప్పుడప్పుడు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసుకుంటే సరిపోతుంది. గ్లిమెపిరైడ్‌, గ్లైబెన్‌క్లమైడ్‌ వంటి మాత్రలు వేసుకునేవారికి షుగర్‌ పడిపోయే అవకాశముంటుంది కాబట్టి వారానికి కొన్నిసార్లు, వేర్వేరు సమయాల్లో చూసుకోవాలి. ఇన్సులిన్‌ తీసుకునేవారికి, గర్భిణులకు రోజూ పరీక్షలు అవసరం. ఎన్నిసార్లన్నది మీ డాక్టర్‌ నిర్ణయిస్తారు. చాలామందికి పరగడుపున 80-130, తిన్నాక 180 లోపు ఉండేలా చూసుకోవాలని చెబుతుంటాం. పెద్దవయసు వారికి, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి కాస్త సడలింపు ఉంటుంది.

షుగర్‌ నిలకడగా ఉంటే ఆర్నెల్లకోసారి, లేకపోతే మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి. రెండు, మూడు నెలల సగటును చెప్పే ఈ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు. ఇక 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్‌, బీపీ పరీక్షలు ఉచితంగానే చేస్తారు. మధుమేహం ఉందో లేదో తెలుసుకోవటానికి వాచీ కొనటం కన్నా ఒక్కసారి అక్కడికి వెళ్లి రావటం మేలు.

కొనేముందు ఇవి చూడండి

ఏ పరికరమైనా ముందు పెట్టె మీది చిన్న అక్షరాలు చదవండి. ‘వైద్య అవసరాలకు కాదు’ అనో, ‘ఆరోగ్యంపై అవగాహన కోసమే’ అనో రాసి ఉంటే షుగర్‌ విషయంలో దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మనదేశంలో వైద్య పరికరాలకు 2017 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ నంబరు పెట్టె మీద ఉందో లేదో చూడండి. సెన్సర్‌, స్ట్రిప్‌ ఏమీ లేకుండా వాచీ ఒక్కటే షుగర్‌ చెబుతుందంటే అనుమానించాల్సిందే. ఇప్పటికే కొని ఉంటే పారేయనక్కర్లేదు. అడుగులు లెక్కపెట్టుకోవటానికి వాడుకోండి. రోజూ అరగంట నడకకు అది తోడుంటే షుగర్‌కూ మంచిదే. షుగర్‌ అంకెను మాత్రం చూడొద్దు. అమ్మానాన్నలకు కానుక ఇవ్వాలనుకునే పిల్లలు మంచి గ్లూకోమీటర్‌, రెండు డబ్బాల స్ట్రిప్‌లు, సరిపడా లాన్సెట్లు కొనివ్వండి.

షుగర్‌ పడిపోతే ఏం చేయాలి?

* ఉన్నట్టుండి చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక, చిరాకు కలిగితే గ్లూకోమీటర్‌తో చూడండి. మీటరు అందుబాటులో లేకపోతే షుగర్‌ పడిపోయిందనే అనుకొని చికిత్స మొదలెట్టండి.

* 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలిపి తాగాలి. చాక్లెట్‌, బిస్కట్లు వద్దు. వాటితో షుగర్‌ నెమ్మదిగా పెరుగుతుంది.

* వోగ్లిబోస్‌, అకార్బోస్‌ మాత్రలు వేసుకునేవారికి పంచదార త్వరగా పనిచేయదు. వీరు గ్లూకోజు పొడినే వాడాలి. ఇంట్లో ఎప్పుడూ ఒక ప్యాకెట్‌ ఉంచుకోండి.

* 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మరోసారి తాగాలి. కుదుటపడ్డాక ఇడ్లీ, అన్నం వంటివి కొంచెం తినాలి.

* బీపీకి, గుండెకు కొన్నిరకాల మాత్రలు వాడేవారిలో దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట ఒక్కటే కనిపించొచ్చు.

* స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్‌ చేయండి.